ఔషధమే మత్తైన చరిత్ర

1611లో ఆంగ్లేయ వర్తకులు మన బందరులో కోఠీ పెట్టిరి. రెండున్నర శతాబ్దముల పిమ్మట, 1860లో, ఆ జాతి ప్రభుత్వమే భారత శిక్షాస్మృతిని చేసి, 377వ విభాగముచే స్వలింగ సంపర్కమును నేరముగా నెంచినది. ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన ఊరట 2013లో తొలగిపోయినది. వయోజనుల ఇష్టపూర్వక సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. నేరము తొలగినను, దాగి బ్రతికిన అలవాటు ఒక్కనాట తొలగునది కాదు.

ఆ చాటుననే నేడొక కీడు పెరుగుచున్నది. మత్తుమందు పుచ్చుకొని దేహసంబంధమునకు పూనుకొనుటను పాశ్చాత్యులు ‘కెమ్‌సెక్స్’ అనుచున్నారు. ఇందు వాడు ద్రవ్యములలో పెక్కు ఒకనాడు ఔషధశాలలో పుట్టినవే. 1867లో బ్రంటన్ అను వైద్యుడు గుండెనొప్పికి అమైల్ నైట్రైట్‌ను వాడెను. 1893లో జపానుదేశీయుడు నగాయి మెథాంఫెటమైన్‌ను తయారుచేసెను. 1960 ప్రాంతమున ఫ్రెంచి వైద్యుడు లాబోరీ జి.హెచ్.బి.ని మత్తువైద్యమునకై పరిశోధించెను.

బందరు, గుడివాడ, దివిసీమల బిడ్డలు చదువులకు, కొలువులకు హైదరాబాదు, లండను నగరములకు పోవుచున్నారు. ఇంట చెప్పుకొనలేని మాట మనసున మోయువాడు పరాయి ఊర తనవంటి వారిని వెదకికొనును. వారి నడుమ మత్తు చేతికందినచో, కాదనుట సులభము కాదు.

హాని యెట్లు కలుగునో వినుడు. జి.హెచ్.బి.తో సారాయి కలిసినచో ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చును. నైట్రైట్‌తో పురుషత్వపు మాత్ర చేరినచో రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోవును. మెథాంఫెటమైన్ నిద్రను హరించి గుండెను అలయించును. మైకమున జాగ్రత్త మరచుటచేతను, ఒకే సూదిని పలువురు వాడుటచేతను హెచ్.ఐ.వి., కాలేయ వ్యాధులు సోకును.

అయినను ఉపాయము లేకపోలేదు. 1986లో మదరాసున డాక్టరు సునీతి సాలమన్ బృందము ఈ దేశములో హెచ్.ఐ.వి.ని తొలుత కనుగొన్ననాడు మందు లేదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగ మందులిచ్చుచున్నది. సోకునను అనుమానము కలిగిన 72 గంటలలోపల చికిత్స ఆరంభించి 28 దినములు వాడినచో వ్యాధిని తప్పించుకొన వీలగును. రోగి వివరములు గుప్తముగ నుంచవలెనని 2017 నాటి చట్టము శాసించుచున్నది. మత్తునకు లోబడినవాడు తానై చికిత్స కోరినచో, కొన్ని నిబంధనలకు లోబడి, 1985 నాటి మాదకద్రవ్య చట్టపు 64ఎ విభాగము అతనికి రక్షణ నిచ్చుచున్నది. 1097 నంబరున సలహా దొరకును. స్పృహ తప్పినచో 108కి చెప్పవలెను.

ఇన్ని దారులున్నను భయపడువాడు ఏ దారిని త్రొక్కడు. ఆ భయమును తీర్చుట ఆసుపత్రికంటె ముందు ఇంటి పని. నడిరేయి బిడ్డ ఫోను చేసినచో, “ఏం చేశావురా?” అని అడుగుటకు తరువాత వేళ యుండును. మొదట అడుగవలసినది, “ఎక్కడున్నావురా?” అనియే.