సూరత్ రేవులో దిగిన బండి

సూరత్ నగరానికి తూర్పు వైపున పర్వత్ పాటియా అనే పేట ఉంది. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాల పనికి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలు అనేకం. వారి బంధువులు ఈ పుట చదివే విద్యార్థులలో కూడా ఉంటారు కనుక ఈ పేరు కొందరికైనా తెలిసే ఉంటుంది. పర్వత్ పాటియా దాటి తూర్పుకు వెళితే కుంభారియా అనే ఊరు వస్తుంది. నేడు చీరల బేళ్ళతో లారీలు తిరిగే ఈ దిక్కునే నాలుగు వందల ఏళ్ళ క్రితం సూరత్ రేవు నుండి బుర్హాన్‌పూర్‌కు, అక్కడి నుండి మొగలు దర్బారుకు బాటసారులు బయలుదేరేవారు. 1610లో ఈ దారిన పోయిన విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వర్తకుడు కుంభారియాను సూరత్‌కు మూడు కోసుల దూరంలోని చిన్న పల్లెగా రాసుకున్నాడు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ రాయబారి సర్ థామస్ రో 1615 అక్టోబరు 30న సూరత్ విడిచి తొలి మజిలీ చేసిందీ ఇక్కడే. (ఈ తేదీలు ఆనాటి ఇంగ్లీషు పంచాంగం ప్రకారం ఇచ్చినవి. అది మన నేటి క్యాలెండరుకు పది రోజులు వెనుక ఉండేది.)

రో తనతో తెచ్చిన కానుకలలో ఒక కోచ్ బండి ఉంది. నాలుగు చక్రాలు, పైకప్పు, లోపల మఖ్మల్ పరుపులు, లాగడానికి నాలుగు గుర్రాలు ఉండవలసిన బండి అది. దానిని తోలడానికి విలియం హెమ్సెల్ అనే సారథిని కూడా లండన్ నుండి వెంట పంపారు. మనం చెప్పుకోబోయే కథ ఆ బండికి జరిగిన మరమ్మతు గురించి. పాత ప్రయాణ వాహనాలను బాగుచేసేవారు నేటికీ తేల్చుకోలేని ఒక చిక్కు ప్రశ్న అందులో దాగి ఉంది.

ఓడ ఇంగ్లండులో బయలుదేరి సూరత్ దగ్గరి స్వాలీ రేవుకు చేరడానికి ఆరు నెలలు పట్టింది. సెప్టెంబరులో పెట్టెలు విప్పి చూస్తే రోకు కన్నీరొక్కటే తక్కువ. మఖ్మల్ ఎరుపు పోయి మాసిన గోధుమ రంగుకు దిగింది. బంగారు పూత చట్రాల అద్దాలు అతుకులు ఊడి, వెనుక కళాయి రాలి, ముక్కలుగా విడిపోయాయి. ఇలాంటి కానుకలను చూసినవారు ఈసడించుకుంటున్నారని అతడు కంపెనీకి ఘాటుగానే లేఖ రాశాడు.

ఇలా ఎందుకు జరిగిందో రసాయన శాస్త్రం చదివే మీరు సులభంగా ఊహించగలరు. ఆనాటి జిగురు జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన ప్రోటీను. గాలిలోని తేమను పీల్చుకుంటే అది మెత్తబడి పట్టు వదిలేస్తుంది. అద్దం వెనుక ఉండేది నేటి వెండి పూత కాదు. తగరపు రేకుమీద పాదరసం పోసి తయారుచేసిన మిశ్రమం. గాజుకు దాని అతుకు బలహీనం. ఉప్పుగాలి, భూమధ్యరేఖ దగ్గరి వేడి, ఓడ కుదుపు కలిస్తే అది నిలవదు. ఇక ఎరుపు రంగు సంగతి రంగుల అద్దకం తెలిసిన ఇంటివారికి వేరే చెప్పనక్కర లేదు. పటిక పట్టించి అద్దిన మంజిష్ఠ ఎరుపు నిలుస్తుంది. కుసుమపూల ఎరుపు మొదటి రోజు కళ్ళు చెదిరేలా ఉన్నా వెలుతురుకూ తేమకూ త్వరగా వెలిసిపోతుంది. బట్ట ఖరీదు ఎంతయినా రంగు బలం దాని అణువుల నిర్మాణంమీదే ఆధారపడి ఉంటుంది.

1616 జనవరి 10న అజ్మీరులో జహంగీరు చక్రవర్తికి కోచ్ బండి సమర్పించారు. దర్బారులో ఆయన పెద్దగా ఉత్సాహం చూపలేదు. ఆ రాత్రి మాత్రం బండి ఎక్కి ప్రతి మూలా తడిమి చూసి, సేవకులచేత దానిని అటూ ఇటూ లాగించుకున్నాడు! తర్వాత జరిగింది రోకు కొలువులో మతాచార్యుడుగా ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ రాశాడు. (టెర్రీ భారతదేశానికి 1616 సెప్టెంబరులో వచ్చాడు కనుక ఇందులో మొదటి భాగం అతడు విని రాసినదే.) లోపలి గుడ్డ చైనా మఖ్మల్ అని తెలిసి, తనకు దగ్గరలోనే ఇంతకంటే మంచి మఖ్మల్ దొరుకుతుండగా ఇంగ్లండు రాజు దీనికోసం చైనా దాకా పంపడమేమిటని చక్రవర్తి ఆశ్చర్యపోయాడట. పిమ్మట బండిని పూర్తిగా విప్పించాడు. ఆస్థానపు పనివారు ప్రతి భాగాన్నీ చూసి అచ్చంగా అలాంటిదే మరొక బండి చేశారు. అప్పుడు పాత బండిని తిరిగి బిగించారు. వెలిసిన మఖ్మల్ తీసివేసి, వెండి నేలమీద రంగురంగుల పట్టు పూలు నేసిన బట్ట వేశారు. ఇత్తడి మేకుల స్థానంలో వెండి మేకులు కొట్టారు. కొత్త బండికి ఇంకా ఖరీదైన బంగారు నేల బట్ట, బంగారు పూత పూసిన వెండి మేకులు పెట్టారు.

ఆ సంవత్సరం నవంబరులో చక్రవర్తి అజ్మీరు విడిచి దక్షిణానికి కదిలినప్పుడు నాలుగు గుర్రాలు పూన్చిన కొత్త బండిలో కూర్చున్నాడు. తోలినవాడు హెమ్సెల్. అతని ఆడంబరపు దుస్తులు చూసి రో నాటకాల వేషగాడితో పోల్చాడు. బాగుచేసిన అసలు బండి నూర్జహాన్‌కు దక్కింది. ఆమె అందులో వెనుక బయలుదేరింది. జహంగీరు తన ఆత్మకథలో కూడా ఈ ప్రయాణాన్ని పేర్కొని, తన అమీరులు అలాంటి బండ్లనే చేయించుకొని వెంట రావాలని ఆజ్ఞాపించినట్లు రాసుకున్నాడు.

ఇందులో మనవారి నైపుణ్యం ఎక్కడుందో గమనించండి. సూరత్‌లోని ఇంగ్లీషువారు అప్పటికే ఇక్కడి ఎద్దుల రథాలను వాడుతున్నారు. అవి రెండు చక్రాల బండ్లు. రెండు చక్రాల బండిని మలుపు తిప్పడం సులువు. నాలుగు చక్రాలుంటే ముందు ఇరుసు ఒక నిలువు కీలు మీద విడిగా తిరగాలి, లేకుంటే చక్రాలు ఈడ్చుకుపోతాయి. పైగా ఆనాటి యూరపు కోచ్‌లలో బండి గదిని తోలు పట్టీలతో వేలాడదీసేవారు. ఉక్కు స్ప్రింగులు తర్వాతి కాలానివి. చూడని యంత్రాన్ని విప్పి, మరొకటి చేసి, మొదటిదాన్ని మళ్ళీ నడిచేలా బిగించడం సామాన్యమైన పని కాదు. పట్టు పూల గురించి రాసినవారు ఆ వడ్రంగుల పేర్లు రాయకపోవడం నాకు వెలితిగానే తోస్తుంది.

ఇక చిక్కు ప్రశ్న. నూర్జహాన్ ఎక్కినది లండన్ బండేనా? కొయ్య, చక్రాలు లండన్‌వి. కంటికి కనిపించేదంతా మొగలు కార్ఖానాది.

ఇప్పుడు మూడు శతాబ్దాలు ముందుకు వద్దాం. కోచ్ బండి అంటే వేరొకరు లాగే గది. గుర్రాల స్థానంలో కారు వచ్చాక కూడా ఆ గది పోలేదు, ట్రైలరు అయింది. 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు ఇంగ్లండులోని బ్రిస్టల్ వ్యాగన్ కర్మాగారంలో 'వాండరర్' అనే ఇల్లులాంటి బండి చేయించుకొని రెండు గుర్రాలతో స్కాట్లండు దాకా విహరించాడు. కేవలం సరదా కోసం కట్టిన కారవాన్లకు దీనినే ఆద్యంగా చెబుతారు. అది నేటికీ మిగిలి ఉంది. అమెరికాలో 1934లో హాలీ బౌలస్ అల్యూమినియం రేకుతో 'రోడ్ చీఫ్' ట్రైలరు నిర్మించాడు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం తయారీలో పనిచేసిన మనిషి కనుక ట్రైలరును కూడా విమానంలాగే రివెట్టు చేశాడు. ఆ నమూనా ఆధారంగా వాలీ బయామ్ 1936లో ఎయిర్‌స్ట్రీమ్ 'క్లిప్పర్' తెచ్చాడు. యుద్ధకాలంలో అల్యూమినియం అంతా విమానాలకే పోవడంతో ఆ ఉత్పత్తి ఆగి, తర్వాత మళ్ళీ మొదలైంది.

ఆ కాలపు ట్రైలర్లు అనేకం దశాబ్దాలపాటు పెరళ్ళలో పడి ఉండి, మళ్ళీ బాగుచేసేవారి చేతికి వచ్చాయి. బయట రేకు మెరుస్తున్నా లోపల పరిస్థితి వేరుగా ఉంటుంది. శత్రువు నీరే. కిటికీ అంచుల రబ్బరు ఎండి పగిలితే చుక్క చుక్కగా వాన నీరు రెండు రేకుల మధ్యకు దిగుతుంది. అక్కడి నుండి నేలకు వేసిన ప్లైవుడ్ అంచుకు చేరుతుంది. కొయ్యలో తేమ సుమారు 20 శాతం దాటితే బూజు జాతి జీవులు పెరిగి సెల్యులోజును తినివేస్తాయి. అందుకే అనుభవజ్ఞులు పాత ట్రైలరు కొనబోయే ముందు మెరుపు చూడరు. సన్నని స్క్రూడ్రైవరుతో నేలను మూలల్లో పొడిచి చూస్తారు. అది మెత్తగా దిగితే బేరం మారిపోతుంది.

రెండో సంగతి మీరు ప్రయోగశాలలో చూడదగినది. పైన అల్యూమినియం గుల్ల, కింద ఉక్కు ఛాసిస్. రెండూ తాకేచోట ఉప్పునీరు చేరితే అది చిన్న విద్యుద్ఘటమే. ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అల్యూమినియానికి మైనస్ 1.66 వోల్టులు, ఇనుముకు మైనస్ 0.44. అల్యూమినియం మీది ఆక్సైడు పొర వల్ల వాస్తవంలో ఈ తేడా తగ్గినా, క్షీణించేది మాత్రం సాధారణంగా అల్యూమినియమే. బోల్టుల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తే అదే గుర్తు. ఒక గ్లాసు ఉప్పునీటిలో అల్యూమినియం రేకును ఇనుప మేకుకు గట్టిగా చుట్టి, మరొక గ్లాసులో రేకును ఒంటరిగా ఉంచి, కొన్ని రోజులు పోల్చి చూడండి.

కనుక నిజమైన మరమ్మతుకు గుల్లను ఛాసిస్ నుండి పైకెత్తాలి. ఇక్కడే తొందరపాటువారు దెబ్బతింటారు. విమానంలాగే ఈ ట్రైలరుకు బలం దాని చర్మంలో ఉంది. నేల తీయగానే గుల్ల సడలి వంకర పోతుంది కాబట్టి ముందే లోపల కొయ్య అడ్డాలు బిగించి ఆ తర్వాతే ఎత్తుతారు. ఛాసిస్ తుప్పు గీకి, వెల్డింగు చేసి, రంగు వేసి, రెండు లోహాలు తాకకుండా మధ్య నిరోధక పట్టీ పెట్టి, కొత్త నేలమీద గుల్లను దించుతారు. రివెట్లు కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట నుండి సుత్తి తుపాకీతో కొడుతుంటే మరొకరు లోపల ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటారు. ఒక మనిషే పనిచేసేచోట పాప్ రివెట్లు వాడి సరిపెట్టుకోవడమూ ఉంది. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా గీకడం ప్రమాదకరం.

నేల కొత్తది, ఛాసిస్ సగం కొత్తది, వైర్లు కొత్తవి. ఇది 1936 నాటి ట్రైలరేనా? నూర్జహాన్ బండి ప్రశ్నే మళ్ళీ! దీనికి సమాధానం చెప్పే ప్రయత్నం పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రంలో ఉంది. చారిత్రక కట్టడాల కోసం 1964లో రాసిన వెనిస్ పత్రం దీనికి మాతృక. కొత్తగా వేసిన భాగాన్ని గుర్తుపట్టగలగాలని, చేసిన పనిని నమోదు చేయాలని అది కోరుతుంది. వాహనం వాడుకలో ఉన్న కాలంలో జరిగిన మార్పులు దాని చరిత్రలో భాగమే అంటుంది. ఆ లెక్కన వెండి మేకులను పీకి ఇత్తడివి కొట్టే హక్కు ఎవరికీ లేదు. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ మోటారు వాహనాల నిబంధనలు మరో దారి పట్టాయి. తొలి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉంటేనే ఆ గుర్తింపు దక్కుతుంది. నాకు ట్యూరిన్ వాదనే సబబుగా తోస్తుంది. నడిచిన బండికి మరమ్మతు తప్పదు.

హైదరాబాదులో ఉన్నవారు దీనిని కళ్ళారా పరీక్షించవచ్చు. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ముషీరాబాదులోని బస్ భవన్‌లో భద్రపరచబడింది. వెళ్ళినప్పుడు మెరిసే రంగును వదిలి మేకులు, రివెట్లు, అంచుల అతుకులు చూడండి. ఏది పాతది, ఏది తర్వాత వేసినది అని ఒక కాగితంమీద రాసుకోండి. జహంగీరు రెండు బండ్లలో ఒక్క చక్రపు ఆకు కూడా మిగలలేదు. మనకు మిగిలింది టెర్రీ రాసిన మేకుల లెక్కే.