నెలసరి వాయిదా మాత్ర – ఒక చిన్న చరిత్ర

పోయిన వేసవిలో మా అక్క గృహప్రవేశం. సరిగ్గా ముహూర్తం రోజుకే నెలసరి వచ్చేలా ఉందని, "మెడికల్ షాపుకెళ్ళి ఆ మాత్రలు పట్రారా" అంది. షాపతను చీటీ అడగలేదు, ఎవరికని కూడా అడగలేదు. పేపర్లో చుట్టి ఇచ్చేశాడు. స్ట్రిప్పు మీద పేరు నోరెథిస్టెరాన్. పేరు దొరికాక మనం ఊరుకుంటామా? తవ్వడం మొదలెట్టాను.

కథ మెక్సికోలో మొదలవుతుంది. 1940ల్లో రసెల్ మార్కర్ అనే అమెరికన్ కెమిస్టు అక్కడి అడవి దుంపల నుంచి ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారుచేశాడు. చిక్కల్లా, దాన్ని మింగితే పెద్దగా పనిచెయ్యదు. ఇంజెక్షనే గతి. 1951 అక్టోబర్ 15న మెక్సికో సిటీలోని సింటెక్స్ లాబ్‌లో, కార్ల్ జెరాసీ బృందంలోని 26 ఏళ్ళ లూయిస్ మిరమోంటెస్ ఆ పని చేసే కొత్త పదార్థం తయారుచేశాడు. దీన్ని మింగినా పనిచేస్తుంది. అదే నోరెథిస్టెరాన్.

లాజిక్కు సింపులే. ఒంట్లో ప్రొజెస్టెరాన్ పడిపోతే గర్భాశయం లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. మాత్ర ఆ పొరని నిలిపి ఉంచుతుంది. మానేసిన రెండు మూడు రోజులకి మామూలే. రద్దు కాదు, వాయిదా అన్నమాట.

అసలు తమాషా దీని చుట్టం దగ్గరుంది. ఇనోవిడ్ అనే మాత్రకి అమెరికాలో 1957లో నెలసరి ఇబ్బందులకనీ, 1960లో గర్భనిరోధానికనీ అనుమతిచ్చారు. దాని రూపకర్తలు పింకస్, రాక్ నెలనెలా కొన్ని రోజులు మాత్ర ఆపి రక్తస్రావం వచ్చేలా పెట్టారు. ఒంటికి అవసరమై కాదు, వాడేవాళ్ళకి సహజంగా అనిపించాలని! ఆ డీఫాల్ట్ సెట్టింగ్‌ని దశాబ్దాలపాటు ఎవరూ ముట్టుకోలేదు. 2003లో సీజనేల్ వచ్చాక ఏడాదికి నాలుగుసార్లే అయింది. గర్భనిరోధక మాత్రలకి ఆ ఏడు రోజుల విరామం వల్ల ఆరోగ్యానికి లాభమేమీ లేదని బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలు 2019లో తేల్చి చెప్పాయి.

అంటే వాయిదా వెయ్యడం తప్పేం కాదు. కానీ ఆ మాత్ర అందరికీ పడదు. నోరెథిస్టెరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. రక్తం గడ్డకట్టే ముప్పున్నవాళ్ళకి అది ప్రమాదం. పైగా వాయిదా కోసం వాడితే అది గర్భం రాకుండా ఆపుతుందని నమ్మకూడదు.

మా అక్కకి రెండో కాన్పయ్యాక కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఇది చదివాక గానీ నాకా సంగతి గుర్తురాలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే "ఒక్కటి కూడా వెయ్యొద్దు" అన్నారు. షాపతను ఒక్క ప్రశ్న అడిగుంటే నా దాకా వచ్చేదే కాదు.

ముహూర్తం రోజున నెలసరి వచ్చింది. అక్కే పాలు పొంగించింది. ఇల్లు నిక్షేపంగా ఉంది.