పద్దెనిమిది నిండిన రాత్రి ఎక్కడ పడుకోవాలి?

జహీరాబాద్ నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఎపిసోడ్ ఇళ్ల గురించి. కోటలు, గడీల గురించి కాదు. హోమ్‌లో పెరిగిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండి బయటికొస్తే తల దాచుకోను ఒక గది ఎట్ల దొరుకుతుంది, వెనకటి రోజుల్లో ఎట్ల దొరికేది అన్న సంగతి. దీనికి కూడా చరిత్ర ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంది. నూట డెబ్బై ఏళ్ల పైమాటే. కాకపోతే స్కూల్ పుస్తకంలో కనపడదు.

1850 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ సర్కారు అప్రెంటిసెస్ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. అనాథలు, ధర్మసంస్థల్లో పెరిగే పేద పిల్లలు ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. పదేళ్లు దాటి పద్దెనిమిది లోపు ఉన్న పిల్లల్ని ఒక యజమాని దగ్గర ఒప్పందం మీద పనికి పెట్టొచ్చు. ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు, అది కూడా ఇరవై ఒకటి నిండేదాకే. ఆడపిల్లైతే పెళ్లయ్యేదాకా. తల్లిదండ్రులు లేని పిల్లలకు మేజిస్ట్రేటే గార్డియన్‌గా ఉండి సంతకం పెట్టొచ్చు.

మనం ఉన్న ఈ ప్రాంతం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడికి రాలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండె. అయినా దాన్ని ఎందుకు చెప్తున్నానంటే, అందులో ఉన్న ఆలోచన ఇంకా పోలేదు. అనాథ పిల్లవాడికి నీడ ఇచ్చేది యజమాని. అనాథ పిల్లకు నీడ ఇచ్చేది మొగుడు. ఇల్లు అనేది విడిగా ఎవరూ ఇవ్వరు, పనితోనో పెళ్లితోనో ముడిపెట్టి ఇస్తరు. ఈ ముడి ఎప్పుడు విడిందో, అసలు విడిందో లేదో, ఇవాళ చూడాల్సింది అదే.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి రాజమండ్రి పోదాం. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. ఊరు వెలేసింది. వంటవాళ్లు రాలేదు, పనివాళ్లు రాలేదు. ఆ జంటలకు ఇల్లు చూపించి, తిండి పెట్టి, ఒక దారి దొరికేదాకా సాకే భారం ఆయన నెత్తిన, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ నెత్తిన పడింది. పెళ్లి చేయడం ఒక్కరోజు పని. నిలబడేదాకా ఇల్లు చూడటం ఏళ్ల పని. ఇవాళ ఇంగ్లీషులో 'సపోర్టెడ్ హౌసింగ్' అని పెద్ద పేరుతో పిలిచేదాన్ని, ఆ పేరు తెలియకుండానే ఆ దంపతులు చేశారని నా లెక్క.

మన హైదరాబాద్ వైపు వస్తే సరూర్‌నగర్‌లో విక్టోరియా మెమోరియల్ హోమ్. ఎల్బీనగర్ మెట్రో దాకా పోయే వాళ్లకు 'విక్టోరియా మెమోరియల్' అనే స్టేషన్ పేరు తెలిసే ఉంటది. ఆ పేరు దీనిదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1901లో విక్టోరియా రాణి పోయిన తర్వాత, ఒక రాజభవనాన్నే అనాథాశ్రమం చేశారు. పెద్ద గేటు, పెద్ద తోట, పెద్ద హాళ్లు. పాత హోములన్నీ దాదాపు ఈ తీరే. లోపల ఉన్నన్నాళ్లు అన్నం, చదువు, పక్క. గేటు దాటితే మాత్రం ఒక్కడివే.

ఈ గేటు బయట ఏంటి అని దేశం మొత్తానికి ప్రశ్న వేసిన మనిషి కూడా రాజమండ్రిలో పుట్టిన ఆవిడే. దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్లి కాదనుకొని బయటికొచ్చింది, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మెట్రిక్‌కు తయారు చేసింది. దానికి తోడు హాస్టల్ కూడా నడిపింది. ఇల్లు లేని ఆడమనిషికి చదువు చెప్తే ఆ చదువు సగంలోనే ఆగుతుందని ఆమెకు తెలుసు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. మరుసటి ఏడాదే బోర్డు ప్రొఫెసర్ ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అనాథాశ్రమాలు, జైళ్లు, ఇట్లాంటి సంస్థల నుంచి బయటికొచ్చిన వాళ్ల సంగతేంటి? ఆ కమిటీ పని అదొక్కటే. 'ఆఫ్టర్ కేర్' అనే మాట మన సర్కారు కాగితాల్లో గట్టిగా నిలబడింది అప్పుడే. రెండో పంచవర్ష ప్రణాళికలో రాష్ట్రాల్లో స్టేట్ హోములు, జిల్లాల్లో షెల్టర్లు వచ్చాయి. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ దగ్గర 'స్టేట్ హోమ్' అంటే ఇప్పటికీ ఆటోవాళ్లు తీసుకెళ్తారు.

ఆలోచన మంచిదే. కాకపోతే ఒక హోమ్ నుంచి బయటికొచ్చిన వాళ్లను ఇంకో హోమ్‌లో పెట్టినట్టయింది. మళ్లీ గేటు, మళ్లీ వార్డెన్, మళ్లీ గంట కొడితే అన్నం. అమ్మాయిలైతే సంబంధం చూసి, పెళ్లి చేసి పంపించడం. కలెక్టర్ అక్షింతలు వేస్తున్న ఫోటోలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు. ఆ పెళ్లిళ్లను తప్పు పట్టడం లేదు. నచ్చి చేసుకున్న వాళ్లు హాయిగా ఉండాలి. కానీ పెళ్లి వద్దు, నాకు రెండేళ్లు ఉద్యోగం చేసుకొని ఉండాలని ఉంది అనే పిల్ల ఎక్కడికి పోవాలి? 1850 చట్టంలో ఆ పిల్లకు చోటు లేదు. నూరేళ్ల తర్వాత కూడా పెద్దగా దొరకలేదు.

చట్టాల సంగతి తొందరగా చెప్పేస్తా. 1986 జువెనైల్ జస్టిస్ యాక్ట్‌లో మగపిల్లలకు బాల్యం పదహారుకే అయిపోయింది, ఆడపిల్లలకు పద్దెనిమిది. 2000లో ఇద్దరికీ పద్దెనిమిది చేశారు, ఆఫ్టర్ కేర్ మూడేళ్లకు మించొద్దన్నారు. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా సాయం అని అందులో ఉంది. 2016లో వచ్చిన మోడల్ రూల్స్‌లో 25వ రూల్ దగ్గర ఆగండి. ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా పొడిగించొచ్చని అందులో ఉంది. ఇంకో వాక్యం కూడా ఉంది, నా దృష్టిలో ఈ నూట డెబ్బై ఏళ్ల కథలో అన్నిటికంటే పెద్ద వాక్యం అదే. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి కొంతకాలం ఉండేటట్టు, జనం మధ్యలో ఇల్లు. దాంతోపాటు నేర్చుకునే రోజుల్లో స్టైపెండ్, తరచూ కలిసే కౌన్సెలర్.

రాజభవనం వద్దు, పెద్ద గేటు వద్దు. గల్లీలో ఒక మామూలు ఇల్లు. యజమాని ఇచ్చింది కాదు, మొగుడు ఇచ్చింది కాదు. కాగితం మీదనైతే ముడి విడింది.

ఇక కాగితం పక్కన పెట్టి మన జహీరాబాద్ చూడండి. అరవై ఐదో నంబర్ హైవే మీద ఊరు. చెరుకు ఫ్యాక్టరీ ఉంది, 2013లో మహీంద్రా ట్రాక్టర్ ప్లాంట్ వచ్చింది, చుట్టూ చిన్న చిన్న వర్క్‌షాపులు పుట్టుకొచ్చాయి. పనికోసం బయటి పోరలు చాలామంది వస్తరు. నాకు తెలిసిన ఒక తమ్ముడు, పేరొద్దు, వేరే జిల్లాలో హోమ్‌లో పెరిగి, ఐటీఐలో ఫిట్టర్ చేసి ఇక్కడికొచ్చాడు. జీతం ఉంది, అడ్వాన్స్ కట్టేందుకు పైసలున్నాయి. గది దొరకలేదు. రెండు ఆదివారాలు నేనూ వెంట తిరిగాను. ప్రతి ఇంట్లో మొదటి ప్రశ్న "మీదే ఊరు బాబూ?" రెండోది "అమ్మానాయిన ఏం చేస్తరు?" మూడో ప్రశ్న దాకా ఎవరూ రాలేదు. "పెద్దోళ్లను తోలుకొని రా, అప్పుడు మాట్లాడుదాం" అన్నారు. మర్యాదగానే అన్నారు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

చివరికి వాడు పని చేసే వర్క్‌షాప్‌లోనే, వెనక రేకుల షెడ్డులో పడుకున్నాడు. ఓవర్‌టైమ్ డబ్బులు మూడు నెలలు ఆగితే అడగలేదు. ఎందుకురా అంటే, "అన్నా, మాటా మాటా పెరిగితే పనీ పోతది, పక్కా పోతది" అన్నాడు. 1850 నాటి ముడి ఇదే కదా.

ఇంకో సంగతి కూడా వాడి దగ్గరే నాకు తెలిసింది. వాడికి ఒక్కడికి ఎన్ని బియ్యం పోయాలో తెలియదు. హోమ్‌లో వండేది వందమందికి. గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు, నెల మధ్యలో పైసలు అయిపోతే ఏం చేయాలి, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ మనకు ఇంట్లో చూస్తూ చూస్తూ వచ్చేస్తాయి. ఎవరూ క్లాస్ పెట్టి చెప్పరు. ఆరుగురు ఉండే ఇంట్లో ఇవి ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. ఇంటి ఓనర్‌తో అగ్రిమెంట్ సంస్థ పేరు మీద ఉంటే "పెద్దోళ్లెవరు?" అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మొదట్లో కిరాయిలో కొద్ది భాగం, జీతం పెరిగేకొద్దీ ఎక్కువ భాగం కట్టుకుంటూ పోతే, బయటికెళ్లే నాటికి అలవాటైపోయి ఉంటుంది. ఉద్యోగం పోయినా ఆ నెల రోడ్డు మీద పడరు. నా మట్టుకు నాకు ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం.

ఇది మన దగ్గరే పుట్టిన ఆలోచన కాదు. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో పల్లెల నుంచి పట్నాలకు వచ్చిన కుర్ర కార్మికులకోసం 'ఫోయే' అనే హాస్టళ్లు విరివిగా లేచాయి. 1990ల్లో ఇంగ్లండ్ ఆ పద్ధతి తీసుకొని గదితో పాటు శిక్షణ కూడా జోడించింది. 2000లో అక్కడ ఒక చట్టమే వచ్చింది, హోమ్ వదిలిన ప్రతి ఒక్కరికీ ఒక సలహాదారు, ఒక ప్లాన్ ఉండాలని. 'ఉండాలని' అన్నాను చూడండి. మన 2015 చట్టం 46వ సెక్షన్‌లో బయటికెళ్లే పిల్లలకు ఆర్థిక సాయం 'ఇవ్వవచ్చు' అని ఉంది. 'ఇవ్వాలి' అని లేదు. ఆ ఒక్క మాట దగ్గరే బండి ఆగిపోతుంది.

డబ్బు సంగతి. పాత ఐసీపీఎస్ పథకంలో నెలకు 2,000 ఉండేది, 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో 4,000 అయింది. కిరాయి, బియ్యం, బస్సు, ఫోన్ రీచార్జ్ మీరే లెక్క వేసుకోండి. కొవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకోసం 2021లో పీఎం కేర్స్ పథకం పెట్టారు. పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా నెలనెలా కొంత, ఇరవై మూడు నిండాక 10 లక్షలు. పద్దెనిమిదితో బాధ్యత తీరిపోదని సర్కారే ఒప్పుకున్నట్టు కదా ఇది. మరి 2012లో రోడ్డు ప్రమాదంలో తల్లిదండ్రులు పోయిన పిల్లవాడికి ఈ లెక్క ఎందుకు వర్తించదో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

గుంపుగా ఉండి నిలబడటం మన దిక్కు కొత్తేం కాదు. పక్కనే పస్తాపూర్‌లో 1983 నుంచి డీడీఎస్ సంఘాల మహిళలు ఒక్కొక్కరుగా ఎవరూ పట్టించుకోని వాళ్లు, సంఘంగా భూములు సాగు చేసుకున్నారు, విత్తనాలు దాచుకున్నారు. ఆరుగురు పోరలకు ఒక ఇల్లు నడపడం అంతకంటే కష్టమా?

ఇది వింటున్న వాళ్లలో ఎవరైనా హోమ్‌లో ఉంటే, లేదా మీ క్లాస్‌మేట్ ఎవరైనా ఉంటే, రెండు సంగతులు రాసిపెట్టుకోండి. ఒకటి, హోమ్ వదలడానికి రెండు నెలల ముందే మీ పేరు మీద ఒక ప్లాన్ తయారు చేసి కమిటీకి ఇవ్వాలని అదే 25వ రూల్‌లో ఉంది. పదిహేడున్నర దాటగానే "నా ప్లాన్ ఏది సార్?" అని అడగండి. మన వైపు వాళ్లకు బాలల సంక్షేమ కమిటీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉండేది సంగారెడ్డిలో, బస్సుకు గంటకు అటూ ఇటూ ప్రయాణం. రెండు, పదేళ్ల లోపే తల్లిదండ్రులను పోగొట్టుకొని, చూసుకునేవాళ్లు ఎవరూ లేక, సర్కారు నడిపే లేదా గుర్తించిన హోమ్‌లో చేరిన పిల్లలు తెలంగాణ బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఆ సర్టిఫికెట్ హోమ్‌లో ఉండగానే తీసుకోండి. బయటికొచ్చాక ఆ కాగితాలకోసం తిరగడం చాలా కష్టం.

ఆ తమ్ముడికి గది దొరికిందా అని అడుగుతారేమో. ఇంకో ఇద్దరు ఫిట్టర్లతో కలిసి రైల్వే స్టేషన్ వైపు ఒక పోర్షన్ తీసుకున్నాడు. అగ్రిమెంట్ మీద పెద్దమనిషిగా సంతకం పెట్టింది ఆ ఇద్దరిలో ఒకడి మేనమామ. ఓవర్‌టైమ్ డబ్బులు ఆ నెలలోనే అడిగి తీసుకున్నాడు.

వచ్చే వారం కలుద్దాం. నమస్తే.