చెయ్యే చూసుకోవాలి

2018 మే 20. అంగారకుడిపై గేల్ బిలం. మీ ఎదుట ఒక బండ. డులూత్ అని పేరు పెట్టారు దానికి. క్యూరియాసిటీ రోవర్ తన 2.1 మీటర్ల చేతిని చాపింది. చివర డ్రిల్లు. ఆ చెయ్యి ఇప్పుడు మీదే.

డ్రిల్లు మొన, అంటే బిట్, బండను తాకింది. చేతి చివరి ఫోర్స్ సెన్సర్‌కు ఆ తాకిడి తెలిసింది. నొక్కాలా?

రోవర్‌ను నడిపే పసడెనాలోని జేపీఎల్ ఇంజనీర్లను అడిగే వీల్లేదు. భూమికి సంకేతం చేరడానికే, దూరాన్నిబట్టి, 3 నుంచి 22 నిమిషాలు. బిట్ ఇరుక్కోవడానికి క్షణం చాలు. అందుకే ఎంత బలంతో నొక్కాలో, ఏ హద్దు దాటితే ఆగాలో వాళ్లు ముందే రాసి పంపారు. ఆ హద్దు వచ్చిందో లేదో ఇక్కడ తేల్చుకోవాల్సింది మీరే.

ఇదివరకు డ్రిల్లుకు అటూ ఇటూ రెండు ఊతలు బండమీద ఆనేవి. మధ్యలోంచి బిట్ తిన్నగా దిగేది. 2016 డిసెంబరులో ఆ దించే యంత్రాంగం మొరాయించింది. ఇప్పుడు బిట్ ఎప్పుడూ బయటికి చాచే ఉంటుంది, ఊతలు బండను అందుకోలేవు. ఇంట్లో గోడకు డ్రిల్లు పెట్టినట్టు చేత్తోనే తొయ్యాలి. గట్టి కుదుపు తగిలితే చేతిని ఆపడానికి పెట్టిన సెన్సరే ఇప్పుడు మీకు స్పర్శ. ఈ ఉపాయం తలుచుకున్నప్పుడల్లా ఆ ఇంజనీర్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఫిబ్రవరిలో మరో బండమీద బిట్‌ను ఊరికే తిప్పి చూశారు. లోతు దిగలేదు. ఈసారి సుత్తిదెబ్బలూ ఉన్నాయి.

నొక్కండి.

బిట్ తిరుగుతోంది. దెబ్బలు మొదలయ్యాయి. చెయ్యంతా అదురుతోంది. చుట్టూ రాతిపొడి పేరుకుంటోంది. పక్కకు లాగుతోందా? చూడండి. ఆపితే గుంత సగంలోనే. ఆపకపోతే? బిట్ వాలుతుంది. బిగుసుకుంటుంది. చెయ్యి బండకు చిక్కుతుంది. చేతితోపాటు 899 కిలోల రోవరూ. వచ్చి లాగేవాళ్లు లేరు.

ఇంకా హద్దులోపే.

నొక్కండి. ఇంకాస్త.

5 సెంటీమీటర్లు! బిట్ పైకి వచ్చింది. ఏడాదిన్నర తర్వాత తొలిసారి నమూనా దొరికింది.

పొడి బిట్ లోపలుంది. పాత దారిలో జల్లెడకు పంపాలంటే బిట్ వెనక్కి పోవాలి. అది ఇక కుదరదు. చేతిని రోవర్ మీదికి తిప్పి, దాని లోపలి ప్రయోగశాల మూతి పైన బిట్‌ను పట్టి, వెనక్కి తిప్పుతూ కొద్దికొద్దిగా రాల్చాలి. ఆ ఆదేశాలు ఇంకా రావాలి.