ఎడిన్‌బరోలో ఇనుప పంజరాలు

వీపున సంచి వేసుకుని డబ్లిన్, బెల్‌ఫాస్ట్‌ల మీదుగా ఎడిన్‌బరో చేరిన యాత్రికుడు అక్కడి కోటను ఎలాగూ చూస్తాడు. వైద్యుడైతే గ్రేఫ్రయర్స్ శ్మశానానికి కూడా వెళ్లాలి. అక్కడ కొన్ని సమాధులపై ఇనుప పంజరాలు కనిపిస్తాయి. శవాలను దొంగల నుండి కాపాడుకొనేందుకు బిగించినవి అవి. బిగించుకోగల స్తోమత కలిగినవారివి. ఆ దొంగలకు గిరాకీ కల్పించినవారు మన వృత్తివారే.

ఐర్లండ్‌లోని అల్‌స్టర్ నుండి కూలికి వచ్చిన బర్క్, హేర్‌లు తవ్వే శ్రమ కూడా పడలేదు. అద్దె బాకీపడి మరణించిన ఒక వృద్ధుని శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ శరీరశాస్త్ర పాఠశాలకు 7 పౌండ్ల 10 షిల్లింగులకు అమ్మి, ఆ రుచి మరిగి, 1828లో 16 మందిని చంపారు. హేర్ ప్రభుత్వ సాక్షిగా మారి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరిలో ఉరితీసి, అతని శవాన్ని కూడా బల్లపైకే చేర్చారు. ఆ అస్థిపంజరం నేటికీ విశ్వవిద్యాలయ మ్యూజియంలో నిలబడి ఉంది. నాక్స్‌పై అభియోగమే లేదు! శవాన్ని గుర్తుపట్టి కూడా నోరు మెదపని సహాయకుని కథను స్టీవెన్‌సన్ 1884లో 'ది బాడీ స్నాచర్' పేరిట రాశాడు. నా దృష్టిలో హంతకుల కంటే ఆ మౌనమే భయంకరం.

1832 నాటి చట్టం ఈ వ్యాపారాన్ని అణచింది. ఎలాగంటే, వర్క్‌హౌసులలో మరణించి, అడిగేవారు లేని నిరుపేదల శవాలను పాఠశాలలకు అప్పగించింది. మన వైద్య కళాశాలల బల్లలపైకి కూడా ఎంతోకాలం అనాథ శవాలే వచ్చాయి.