బడిలోకి వచ్చిన షేరు మార్కెట్

షేరు మార్కెట్ పుట్టి నాలుగు వందల ఏళ్లు దాటింది. దాన్ని పిల్లలకు పనిగట్టుకుని నేర్పడం మాత్రం గత నూరేళ్లలో వచ్చిన మార్పు. ఈ కాలంలో బోధనకు రెండు దారులు పడ్డాయి. ఒకటి కంపెనీతో మొదలై షేరు దాకా వస్తుంది. రెండోది షేరు ధరతోనే మొదలవుతుంది. ఏ దారిలో ఏం నేర్చుకున్నారో చూస్తే, ఈ పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో స్పష్టమవుతుంది.

1602 ఆగస్టులో డచ్ ఈస్టిండియా కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్‌లో మూలధనం పోగు చేసింది. డైరెక్టర్లలో ఒకరైన డిర్క్ వాన్ ఓస్ ఇంట్లో పుస్తకం తెరిచి, డబ్బు పెట్టేవారి పేర్లు రాసుకున్నారు. ఆ నగరంలో 1,143 మంది వాటాలు తీసుకున్నారు. వారిలో ఆ ఇంటి పనిమనిషి కూడా ఉంది. ఆమె వాటా 100 గిల్డర్లు. ఇలా పోగైన సొమ్ముతో బయలుదేరిన ఓడలు కొన్నేళ్లకే మచిలీపట్నం చేరాయి. డచ్చివారు అక్కడ గిడ్డంగి పెట్టి కోస్తా నేతగాళ్ల బట్టలు కొని తూర్పు దీవులకు పంపారు. పెట్టిన సొమ్ము వెనక్కి కావాలంటే కంపెనీ ఇవ్వదు. వాటాను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆ అమ్మకాల నుంచే షేరు మార్కెట్ పుట్టింది. దాని తీరుతెన్నులు వివరిస్తూ 1688లో జోసెఫ్ దె లా వేగా ఒక పుస్తకం రాశాడు. ఒక తత్త్వవేత్త, ఒక వర్తకుడు, ఒక వాటాదారు మాట్లాడుకుంటున్నట్లు సాగే ఆ పుస్తకం పెద్దల కోసం రాసిందే.

ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఈ విద్య ఎక్కువగా వర్తక కుటుంబాల్లోనే ఉండిపోయింది. బొంబాయిలో 1850ల నాటికి దలాలీలు టౌన్‌హాలు దగ్గర మర్రిచెట్ల నీడన చేరి బేరాలు సాగించేవారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడి పత్తి రాక ఆగి, ఇక్కడి పత్తి ధర పెరిగి షేర్ల వెర్రి రేగింది. యుద్ధం ముగిసిన 1865లో అది కుప్పకూలి ఎన్నో కుటుంబాలు దివాలా తీశాయి. 1875లో దలాలీలు సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్. దలాలీ ఇంటి కుర్రాడు పెద్దల పక్కన కూర్చుని పని నేర్చుకునేవాడు. మిగతా పిల్లలకు ఆ సంగతి తెలిసే మార్గం లేదు. 1904లో అమెరికాలో వచ్చిన ‘పిట్’ అనే పేకాటలో గోధుమలు, బార్లీ వంటి సరుకుల ముక్కలుండేవి. ఆడేవారు అరుచుకుంటూ ముక్కలు మార్చుకుని, ఒక సరుకంతా తమ గుప్పిట్లోకి తెచ్చుకోవాలి. షికాగో ధాన్యపు మార్కెట్ సందడి అలా ఇళ్లలోకి వచ్చింది. అందులో పిల్లలకు అందింది బేరంలోని హుషారే.

1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ‘జూనియర్ అచీవ్‌మెంట్’ అనే సంస్థ మొదలైంది. కాగితం మిల్లు యజమాని హొరేస్ మోజెస్, టెలిఫోన్ కంపెనీ అధినేత థియొడోర్ వెయిల్, సెనేటర్ మర్రీ క్రేన్ దాని స్థాపకులు. బడి అయ్యాక పిల్లలు గుంపుగా చేరి చిన్న కంపెనీ పెట్టుకునేవారు. అధ్యక్షుణ్ని, కోశాధికారిని ఎన్నుకుని, ఇరుగుపొరుగుకు షేర్లు అమ్మి, ఆ డబ్బుతో ముడిసరుకు కొని వస్తువులు చేసి అమ్మేవారు. ఏడాది చివర కంపెనీని మూసివేసి వాటాదారులకు లెక్క అప్పజెప్పాలి.

ఈ లెక్కలోనే అసలు పాఠం ఉంది. ఉదాహరణకు, పిల్లలు డాలరు చొప్పున 100 షేర్లు అమ్మారనుకుందాం. ఖర్చులన్నీ పోగా చివరికి 120 డాలర్లు మిగిలితే ఒక్కో వాటాదారుకు డాలరుకు డాలరూ ఇరవై సెంట్లు ముడతాయి. సరుకు అమ్ముడుపోక 80 డాలర్లే మిగిలితే ఎనభై సెంట్లే దక్కుతాయి. షేరు అంటే అప్పు కాదని, వ్యాపారంలో భాగమని, లాభంతోపాటు నష్టాన్నీ పంచుకోవాలని పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది. పక్కింటివాళ్లు నమ్మి ఇచ్చిన డబ్బుకు తాము జవాబుదారీ అన్న బరువు కూడా తెలుస్తుంది. 1975లో ఈ సంస్థ తరగతి గదుల్లోకి కూడా అడుగుపెట్టింది.

రెండో దారి 1977లో తెరుచుకుంది. అమెరికా సెక్యూరిటీల పరిశ్రమ ‘స్టాక్ మార్కెట్ గేమ్’ను బడులకు తెచ్చింది. ముగ్గురు నలుగురు పిల్లల జట్టుకు లక్ష డాలర్ల ఉత్తుత్తి సొమ్ము ఇస్తారు. కొన్ని వారాల పాటు వాళ్లు నిజమైన కంపెనీల షేర్లను కాగితం మీద కొని అమ్ముతారు. తొలినాళ్లలో ఫారాలు నింపి టపాలో పంపితే కంప్యూటరు లెక్కగట్టేది. అప్పట్లో న్యూయార్క్‌లో ధరలు డాలరులో ఎనిమిదో వంతుల్లో ఉండేవి. 42 3/8 డాలర్ల చొప్పున 50 షేర్లు ఎంతవుతాయో తేల్చాలంటే భిన్నాల లెక్క రావాల్సిందే. దశాంశ ధరలు పూర్తిగా అమలైంది 2001లో. పత్రికలో వ్యాపార పేజీ చదవడం, శాతాలు కట్టడం పిల్లలకు అలవాటైంది కాబట్టి లెక్కల టీచర్లు ఈ ఆటను ఆదరించారు. 1983లో జర్మనీ పొదుపు బ్యాంకులు ఇలాంటి ఆటనే మొదలుపెట్టాయి.

ఈ ఆటలో ఒక లోపం ఉంది. వ్యవధి వారాలే. మంచి కంపెనీ ఎదుగుదల ధరలో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. కొద్ది వారాల్లో అందరికన్నా పైన నిలవాలంటే సొమ్మంతా ఒకటి రెండు షేర్ల మీద కుమ్మరించడమే దగ్గరి దారి. పోయేది సొంత డబ్బు కాదు కనుక భయమూ ఉండదు. నిజజీవితంలో కొంపముంచే అలవాటుకు ఆటలో బహుమతి దొరుకుతుంది.

ఈ లోపాన్ని ఒక బడి చక్కగా దిద్దింది. మసాచుసెట్స్‌లోని సెయింట్ ఆగ్నెస్ బడిలో ఏడో తరగతి పిల్లలు 1990లో 14 కంపెనీలను ఎంచుకున్నారు. కంపెనీ ఏం చేస్తుందో తరగతి ముందు చెప్పలేకపోతే దాన్ని కొనడానికి వీల్లేదని వాళ్ల టీచరు నియమం పెట్టారు. పిల్లలు ఆ కంపెనీల బొమ్మలు గీసి చూపించారు. 1990, 1991 సంవత్సరాల్లో వాళ్ల జాబితా దాదాపు 70 శాతం పెరిగింది. అదే కాలంలో అమెరికా మార్కెట్ సూచీ రాబడి 26 శాతం. ప్రసిద్ధ ఫండ్ మేనేజరు పీటర్ లించ్ 1993లో తన పుస్తకంలో ఈ పిల్లల గురించి రాశాడు. రెండేళ్ల ఫలితంలో అదృష్టం పాలు ఉండవచ్చు. నియమం మాత్రం ఎప్పటికీ పనికొచ్చేది. ధర చూసే ముందు వ్యాపారాన్ని చూడమన్నదే దాని సారం.

భారతదేశంలో ఈ పాఠం అవసరం ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లో 1943లోనే స్టాక్ ఎక్స్ఛేంజ్ ఏర్పడినా సామాన్యుల ఇళ్లలో షేర్ల ఊసు తక్కువ. 1977లో రిలయన్స్ పబ్లిక్ ఇష్యూ తర్వాత మధ్యతరగతి వారు షేర్ల దరఖాస్తులు నింపడం పెరిగింది. 1992లో షేరు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. ఆ ఏడాదే బ్రోకరు హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం బయటపడి ఎందరో నష్టపోయారు. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని తేలడంతో ఒక్క రోజులో దాని షేరు విలువ మూడొంతులకు పైగా హరించుకుపోయింది. కంపెనీ చూపే లెక్కలను కూడా ప్రశ్నించాలన్న పాఠం తెలుగు ఇళ్లకు అలా దగ్గరగా వచ్చి తగిలింది.

బడుల్లో మాత్రం చాలాకాలం పొదుపు గురించే చెప్పారు. సంచయిక పథకం కింద విద్యార్థులు చిల్లర దాచుకునేవారు. ఇంటర్‌లో కామర్స్ తీసుకున్నవారు బుల్, బేర్, స్టాగ్, లేమ్ డక్ అంటూ మార్కెట్ పదాల నిర్వచనాలు బట్టీ పట్టేవారు. సీబీఎస్ఈ 2007లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌తో కలిసి 11వ తరగతి నుంచి ఫైనాన్షియల్ మార్కెట్ల కోర్సు పెట్టింది. 2013లో జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం ఏర్పడి విద్యార్థులకు పరీక్షలు జరిపింది. ఆరు నుంచి పది తరగతులకు వర్క్‌బుక్కులు తెచ్చింది. చట్టం కూడా పిల్లలకు కొంత కాపు కాస్తుంది. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే అప్పటి అత్యున్నత న్యాయపీఠమైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మైనరు పేరున, షేర్లు ఉంచే డీమ్యాట్ ఖాతా తెరవవచ్చు గానీ దాన్ని సంరక్షకులే నడపాలి.

ధరల ఆటను ఫోన్ ఇంటింటికీ తెచ్చాక ముప్పు పెరిగింది. 2021-22 నుంచి మూడేళ్లలో షేర్ల భావి ధరల మీద ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో వెల్లడించింది. 2023-24లో వారిలో 43 శాతం మంది 30 ఏళ్ల లోపువారే. 2024 మే నెలలో ఉత్తుత్తి ట్రేడింగ్ ఆటలకు అప్పటికప్పటి ధరలు ఇవ్వరాదని సెబీ ఆదేశించింది. ఆంక్షలు అవసరమే, అయినా పాఠం లోటును అవి పూడ్చలేవు. మన బడుల్లో పొదుపు ఉంది, నిర్వచనాలు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి. పిల్లలు తామే చిన్న కంపెనీ పెట్టి, తోటివారి డబ్బుకు లెక్క చెప్పే అభ్యాసం చాలా అరుదు. కంపెనీతో మొదలయ్యే ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ దారికి పెద్ద ఖర్చు లేదు. ఒక టీచరు, ఒక లెక్కల పుస్తకం, ఒక విద్యాసంవత్సరం ఉంటే సరిపోతుంది.