కళ్ళకు గంతలు: అనుకరణకూ అభ్యాసానికీ నడుమ

చూపున్నవారు కళ్ళకు గంతలు కట్టుకొని, చూపు లేని జీవితం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి చేసే ప్రయత్నాన్ని అంధత్వానుకరణ అనవచ్చు. పాఠశాలల్లోనూ కార్యాలయాల్లోనూ అవగాహన కార్యక్రమాల పేరిట గంటసేపో ఒక పూటో జరిగే ఈ వ్యాయామం ఇటీవలిదిగా కనిపించినా, దాని వెనుక రెండున్నర శతాబ్దాలకు పైబడిన ఆలోచన, ప్రయోగం, వివాదం ఉన్నాయి. మహాభారతంలో గాంధారి కట్టుకున్న గంత ఈ చరిత్రలో చేరదు. భర్తకు లేని భాగ్యం తనకు వద్దన్న వ్రతమే తప్ప, అంధుల జీవితాన్ని ఎరగాలన్న జిజ్ఞాస దానికి మూలం కాదు. ఆ జిజ్ఞాసతో గంత కట్టుకున్నవారి చరిత్రను వరుసగా పరిశీలిస్తే, వారు దానిని ఎంతకాలం ఉంచుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనే రెండు విషయాలే ఫలితాన్ని నిర్ణయించాయని తేలుతుంది.

ఈ ఆలోచనకు తొలి రూపం 18వ శతాబ్దపు ఫ్రాన్సులో కనిపిస్తుంది. తత్వవేత్త డెనీ దిదెరో 1749లో అంధుల గురించి లేఖారూపంలో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులోని భావాలు మతవిరుద్ధమని భావించిన ప్రభుత్వం అతనిని వెన్‌సెన్ కోటలో నిర్బంధించింది. దిదెరో గంత కట్టుకోలేదు. ప్యుయిజో అనే ఊరిలోని ఒక అంధుని కలిసి, అతని దినచర్యనూ ఆలోచనలనూ ప్రశ్నలు వేసి తెలుసుకున్నాడు. చూపు కావాలని ఉందా అన్న ప్రశ్నకు ఆ వ్యక్తి, కళ్ళకన్నా మరింత పొడవైన చేతులు ఉంటే మేలని జవాబిచ్చినట్లు ఆ గ్రంథం చెబుతుంది. అంధుడు తన జీవితాన్ని వెలితిగా కాక సంపూర్ణంగానే భావిస్తాడన్న ఎరుక ఐరోపా తాత్విక చర్చలో ఇంత స్పష్టంగా నిలవడానికి కారణం, ఆ మాట అంధుని నోటనే రావడం. 1762లో రూసో తన విద్యాగ్రంథం ‘ఎమిల్’లో పిల్లలకు చీకటిలో ఆటలు నేర్పాలని, అంధుల స్పర్శ నిశితంగా ఉండడం పుట్టుకతో వచ్చినది కాక అభ్యాసంతో అబ్బినది గనుక చూపున్నవారూ దానిని సాధించవచ్చునని వాదించాడు. దిదెరో అంధుని అడిగి తెలుసుకోగా, రూసో చీకటిలో సాధన చేయమన్నాడు. తరువాతి చరిత్ర అంతా ఈ రెండు మార్గాలు కలవడం, విడిపోవడం మీదనే నడిచింది.

అడగడమూ సాధన చేయడమూ రెండూ లోపించినప్పుడు ఏమవుతుందో అంధుల లిపి చరిత్ర చూపుతుంది. 1785 నాటికి పారిస్‌లో అంధ బాలల పాఠశాలను నెలకొల్పిన వాలెంతీన్ అవుయి, మామూలు రోమన్ అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. అతని సంకల్పం ఉదారమైనదే అయినా, ఆ అక్షరాల ఆకృతి కంటి సౌలభ్యానికి ఏర్పడినది కావడంతో వేలికొస వాటిని ఎంతో నెమ్మదిగా మాత్రమే గుర్తించగలిగేది. ఆ పాఠశాల విద్యార్థే అయిన లూయీ బ్రెయిల్ 1824లో, 15 ఏళ్ళ వయసులో, వేలికొస ఒక్క తాకిడితో గ్రహించగల 6 చుక్కల లిపిని రూపొందించి 1829లో ప్రకటించాడు. చూపున్న అధికారులు తమకు చదవ వీలుకాని ఆ లిపిని చాలాకాలం అంగీకరించకపోవడంతో, ఫ్రాన్సులో దానికి అధికారిక గుర్తింపు బ్రెయిల్ మరణించిన రెండేళ్ళకు, 1854లో గాని రాలేదు. అమెరికాలోనూ బోస్టన్ పాఠశాలను నడిపిన శామ్యూల్ హౌ ఉబ్బెత్తు రోమన్ అక్షరాలనే దశాబ్దాల పాటు సమర్థించాడు. భారతదేశంలో 1951లో రూపుదిద్దుకొని, తెలుగుతో సహా దేశభాషలన్నింటికీ వర్తించిన భారతి బ్రెయిలీకి ఆధారం, అంతటి నిరాదరణను తట్టుకొని నిలిచిన ఆ 6 చుక్కలే.

గంత ఒక వృత్తికి పనిముట్టుగా మారినది ప్రపంచయుద్ధాల కాలంలో. స్వయంగా చూపు కోల్పోయిన పత్రికాధిపతి ఆర్థర్ పియర్సన్ 1915లో, యుద్ధంలో అంధులైన సైనికుల కోసం లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ అనే శిక్షణాలయాన్ని స్థాపించాడు. ఆ పేరుతోనే 1943లో డెహ్రాడూన్‌లో భారతీయ సైనికుల కోసం ఒక వసతిగృహం వెలిసింది. అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధ క్షతగాత్రులకు చికిత్స చేసిన పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక వైద్యశాలలో, 1944 నుంచి రిచర్డ్ హూవర్ అనే సార్జెంటు అంధ సైనికుల నడక సమస్యపై కృషి చేశాడు. అంతకుముందు అంధ పాఠశాలలో బోధించిన హూవర్, అప్పటి చేతికర్ర ఊతానికి పనికివచ్చేదే తప్ప దారిని తెలిపేది కాదని గ్రహించి, తానే గంత కట్టుకొని నడుస్తూ కొత్త పద్ధతిని పరీక్షించాడు. అతడు రూపొందించిన కర్ర తేలికైనది, పొడవైనది. కుడికాలు ముందుకు పడేటప్పుడు ఎడమవైపు నేలనూ, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు నేలనూ తాకుతూ అర్ధవలయంగా కదిలే ఆ కర్ర, తరువాతి అడుగు పడబోయే చోటును ముందుగానే పరిశీలిస్తుంది. నేటికీ ప్రపంచమంతటా తెల్లకర్ర వాడకానికి ఆధారం ఈ పద్ధతే.

1948లో ఇల్లినాయిలోని హైన్స్ వైద్యశాలలో అంధ సైనికుల పునరావాస కేంద్రం ఆరంభమైనప్పుడు, దాని అధిపతిగా నియమితుడైన రస్సెల్ విలియమ్స్ స్వయంగా యుద్ధంలో చూపు కోల్పోయినవాడు. అక్కడ శిక్షకులుగా చేరిన చూపున్న యువకులు గంతలు కట్టుకొని, కర్రతో మెట్లు దిగడం, కూడలి దాటడం, శబ్దాన్ని బట్టి దిక్కు పోల్చుకోవడం తాము నేర్చుకున్న తరువాతనే ఇతరులకు నేర్పవలసి వచ్చేది. తానున్న చోటును గ్రహించి క్షేమంగా సంచరించే ఈ నైపుణ్యాన్ని బోధించడం 1960లో బోస్టన్ కళాశాలలో విశ్వవిద్యాలయ స్థాయి విద్యగా మారినప్పుడు, గంతలతో చేసే సుదీర్ఘ సాధన దానిలో విడదీయరాని భాగమయింది. ఇక్కడ గంత జాలిని పుట్టించడానికి కాదు, కర్ర మోసే వార్తను చేతికీ చెవికీ అర్థమయ్యేలా చేయడానికి ఉపయోగపడింది.

అదే కాలంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలు ఈ సాధనకు శాస్త్రీయమైన ఆధారాన్ని ఇచ్చాయి. అంధులు కొందరు ఎదుట ఉన్న గోడను తాకకుండానే పసిగట్టడాన్ని అప్పట్లో ముఖదృష్టి అనేవారు. ముఖచర్మమే ఆ అడ్డంకిని గుర్తిస్తుందని చాలామంది విశ్వసించేవారు. మైకేల్ సూపా, మిల్టన్ కాట్జిన్, కార్ల్ డాలెన్‌బాక్ 1944లో ప్రకటించిన పరిశోధనలో ఇద్దరు అంధులూ, గంతలు కట్టుకున్న ఇద్దరు చూపున్నవారూ పాల్గొన్నారు. సూపా స్వయంగా అంధుడు. ముఖాన్ని కప్పినా గుర్తింపు నిలిచి, చెవులు మూసినప్పుడు మాత్రం లోపించడంతో, అడుగుల చప్పుడు గోడకు తగిలి తిరిగి రావడమే దీని రహస్యమని రుజువయింది. గంతలు కట్టుకున్నవారికి మొదట్లో చేతకాని ఈ విద్య, అభ్యాసం సాగేకొద్దీ వారికీ పట్టుబడింది. బోస్టన్ పరిశోధకులు 2008లో ప్రకటించిన మరో అధ్యయనంలో, 5 రోజుల పాటు గంతలు విప్పకుండా బ్రెయిలీ స్పర్శను సాధన చేసినవారి మెదడులో, చూపుకు సంబంధించిన భాగం స్పర్శకు కూడా స్పందించడం ఆరంభించింది. గంతలు విప్పిన మరునాటికి ఆ మార్పు మాయమయింది.

సాధనకు కాలం అవసరమన్న ఈ గ్రహింపును అంధుల సొంత ఉద్యమం మరింత ముందుకు తీసుకుపోయింది. 1940లో ఏర్పడిన అమెరికా జాతీయ అంధుల సమాఖ్య నాయకుడు, జన్మతః అంధుడైన కెన్నెత్ జెర్నిగన్, 1958లో అయోవా రాష్ట్ర అంధుల సంస్థ అధిపతి అయినప్పుడు, కొద్దిపాటి చూపు మిగిలిన విద్యార్థులు మాత్రమే కాక చూపున్న ఉద్యోగులు కూడా గంత కట్టుకొని కర్రతో నడవడం నేర్వాలని నియమం పెట్టాడు. అంధుల సామర్థ్యంపై నమ్మకం లేని ఉద్యోగి వారికి ఆ నమ్మకాన్ని కలిగించలేడన్నది దానికి కారణం.

20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో అవగాహన కార్యక్రమాలు విస్తరించినప్పుడు ఈ సాధన నుంచి కాలమూ, గురువూ రెండూ తొలగిపోయి గంత ఒక్కటే మిగిలింది. దృష్టిలోపం గల బ్రిటిష్ పరిశోధకురాలు శాలీ ఫ్రెంచ్ 1992లో, ఇటువంటి వ్యాయామాలు వైకల్యాన్ని తప్పుగా చిత్రిస్తాయని, సమాజం కల్పించే అడ్డంకులను మరుగుపరుస్తాయని విమర్శించింది. అంధురాలైన మనస్తత్వ శాస్త్రవేత్త ఏరియల్ సిల్వర్‌మన్ సహచరులతో కలిసి 2015లో ప్రకటించిన ప్రయోగాల్లో, కొద్దిసేపు గంతలు కట్టుకున్నవారు, కట్టుకోనివారి కంటే అంధుల ఉద్యోగ సామర్థ్యాన్నీ స్వతంత్ర జీవనాన్నీ తక్కువగా అంచనా వేశారు. హఠాత్తుగా చీకటి కమ్మిన మనిషి తడబాటు, ఏళ్ళ తరబడి చూపు లేకుండా జీవించిన మనిషి నేర్పు ఒకటి కావు. ఈతరాని వాని నీటిలో తోసి, ఈతగాని బతుకు ఇంతేనని చెప్పడం వంటిదే ఇది. పైగా చట్టరీత్యా అంధులుగా గుర్తింపు పొందినవారిలో అనేకులకు వెలుతురో, రంగో, ఆకారమో కొంత తెలుస్తూనే ఉంటుంది గనుక సంపూర్ణ చీకటి వారి అనుభవానికి ప్రతినిధి కాజాలదు.

ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా ఆండ్రియాస్ హైనెకె 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరంభించిన ‘డైలాగ్ ఇన్ ది డార్క్’ ప్రదర్శన, సందర్శకులను కటిక చీకటి గదుల గుండా అంధ మార్గదర్శకుల వెంట నడిపించింది. ఈ ప్రదర్శన 2011లో హైదరాబాద్‌కు కూడా వచ్చింది. ఇక్కడ సందర్శకుడు తడబడతాడు, మార్గదర్శకుడు తడబడడు. కనుక తడబాటుకు కారణం చూపు లేకపోవడం కాక నేర్పు లేకపోవడమని సందర్శకుడు స్వయంగా గ్రహించే అవకాశం ఉంటుంది. అయినా అది కొద్దిసేపటి పరిచయమే గాని సాధన కాదు.

తెలుగు నేలపైన కళాశాలలూ కార్యాలయాలూ ఇటువంటి కార్యక్రమాలు తలపెట్టేటప్పుడు ఈ చరిత్రను గుర్తుంచుకోవడం అవసరం. ఉపాధ్యాయునికీ, పునరావాస కార్యకర్తకూ వారాల తరబడి గంతలతో సాధన అక్కరకు వస్తుంది. ఒక్క గంట మాత్రమే చేతిలో ఉన్నవారికి గంత కన్నా అంధుల మాట వినడమే ఎక్కువ నేర్పుతుంది. కాలిబాటను ఆక్రమించిన దుకాణం, మాట్లాడని లిఫ్టు, తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు అందని బ్యాంకు పత్రం చూపు లేనివారిని రోజూ ఎలా అడ్డగిస్తున్నాయో వారే చెప్పగలరు. వాటిని తొలగించే బాధ్యత మాత్రం కళ్ళు తెరిచి ఉన్నవారిదే.